పొద్దున్న టీనా, కాఫీనా, అంబలా: దేశం పేరు చూసి చెప్పగలమా?

అడిగినది: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర. ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లో లీడ్స్ వచ్చి మూడు నెలలైంది. ఇక్కడ హాస్టల్లో అందరూ "మీ ఇండియన్లు లేవగానే మసాలా చాయ్ తాగుతారు కదా, మాకూ పెట్టు" అంటున్నారు. మా ఇంట్లో నానమ్మ అంబలి తాగుతుంది, అమ్మానాన్నలకి కాఫీ, నాకు ఏదీ అలవాటు లేదు. ఇంగ్లీషువాళ్లంటే టీ అనుకుని వచ్చాను, నా పక్క గది కుర్రాడు కాఫీ తప్ప ముట్టడు. ఫలానా దేశంవాళ్లు పొద్దున్న ఫలానాదే తాగుతారన్నది నిజమేనా? వచ్చే ఆదివారం అందరికీ మన టిఫిన్ పెడదామనుకుంటున్నాను. ఏం పెట్టమంటారు?

సమాధానం:

తమ్ముడూ, నీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది. మాది సోంపేట వైపు, ఉద్దానం. ఇరవై నాలుగేళ్లు సరుకు ఓడల్లో వంట చేశాను, అందులో పదిహేనేళ్లు చీఫ్ కుక్‌గా. ఇప్పుడు శ్రీకాకుళంలో నాగావళి పాత వంతెనకి దగ్గర్లో టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. పొద్దున్నే లేచి పదిమంది కడుపులోకి ఏం వెళ్లాలో ఆలోచించడమే ఇన్నేళ్లుగా నా పని. ఓడలో ఇరవై, ఇరవై రెండు మంది ఉంటే అందులో నాలుగైదు దేశాలవాళ్లు ఉంటారు. ఏడున్నరకి మెస్సులో బ్రేక్‌ఫాస్ట్ ఉండాలి, పదింటికి, మళ్లీ మూడింటికి టీ టైమ్. అది వేళకి అందకపోతే డెక్ మీద మనుషుల మొహాలు మారిపోతాయి.

ముందు సూటిగా చెప్తాను. దేశం పేరు చెప్పి తాగేదేమిటో చెప్పే మాటల్లో కొంత నిజం ఉంటుంది. ఆ నిజం సరుకుది. ఏ కాలంలో ఏది చవగ్గా దొరికింది, దేని మీద పన్ను తగ్గింది, జనం ఏ పనికి ఎన్నింటికి బయల్దేరారు, వీటినిబట్టి అలవాటు పడుతుంది. తర్వాత ఎవరో దానికి దేశం పేరు తగిలిస్తారు. నీ పక్క గది కుర్రాడు పొద్దున్న ఏం తాగుతాడో అతన్ని అడిగి తెలుసుకోవాల్సిందే.

నేను ఎక్కిన రెండో ఓడలో కెప్టెన్ ఇంగ్లండ్‌లోని హల్ ఊరాయన. నువ్వున్న లీడ్స్‌కి తూర్పున, సముద్రం వైపు ఉంటుంది ఆ ఊరు. కొత్త కెప్టెన్ ఇంగ్లీషాయన అని తెలియగానే పింగాణీ టీపాటు బయటికి తీసి కడిగాను. కప్పు వేడినీళ్లతో తొలిచి, పాలు వేరే జగ్గులో పోసి, బిస్కెట్లు సర్ది, ట్రే పట్టుకుని బ్రిడ్జి మీదికి, అంటే ఓడ నడిపే గదికి, వెళ్లాను. ఆయన మర్యాదగా థాంక్యూ చెప్పి, ట్రే పక్కన పెట్టించి, "రేపట్నించి నాకు నల్ల కాఫీ ఇవ్వు, పంచదార వద్దు" అన్నారు. ఆర్నెల్లు ఆ ఓడలో ఉన్నాను, ఆయన టీ తాగగా చూడలేదు. అదే ఓడలో సెకండ్ ఇంజనీరు స్కాట్లండ్ ఆయన. లేచింది మొదలు పడుకునేదాకా టీయే, అదీ ఇటుక రంగు వచ్చేదాకా నానిన టీ, పాలు, మూడు చెంచాల పంచదార. ఇద్దరి పాస్‌పోర్టూ ఒకటే.

ఇంకోసారి ఇదే పొరపాటు ఇంకా పెద్దగా జరిగింది. ఓ రేవులో మా ఓడకి సరుకులు పంపే ఏజెంటు కాగితం మీద "ఇండియన్ క్రూ" అని చూసి, మేం అడిగిన కాఫీ పొడి కొట్టేసి దాని బదులు టీ పొడి పెట్టెలు ఎక్కించాడు. మా క్రూలో తమిళనాడు వాళ్లు అయిదుగురు, కేరళ వాళ్లు ఇద్దరు, మన శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్లు నలుగురు. ఇందులో ముప్పావు వంతు మంది పొద్దున్న కాఫీ తాగి పెరిగినవాళ్లే. విషయం తెలిసేసరికి ఓడ రేవు దాటింది. తర్వాతి రేవు పంతొమ్మిది రోజుల దూరం. మధురై కుర్రాడొకడు, ఇంజన్ గదిలో పనిచేసే ఆయిలర్, రోజూ నాలుగు గంటల వాచ్ డ్యూటీకి వెళ్లేముందు గ్యాలీ (ఓడ వంటగది) గుమ్మం దగ్గర నిలబడి "అన్నా, కొంచెమైనా లేదా" అని అడిగేవాడు. మూడో రోజుకి అతనికి తలనొప్పి పట్టుకుంది. కాఫీ అలవాటున్న ఒంటికి కెఫీన్ ఒక్కసారి తగ్గిపోతే తలనొప్పి వస్తుంది, అది నటన కాదు. ఆఫీసర్ల లాకరులో మిగిలిన ఓ ఇన్‌స్టంట్ కాఫీ సీసా అడిగి తెచ్చి, వాచ్‌లో ఉన్నవాళ్లకి రోజుకో చెంచా లెక్కన పంచాను. ఒక మనిషిని దేశం పేరుతో కొలిస్తే ఏమవుతుందో ఆ పంతొమ్మిది రోజుల్లో నాకు బాగా తెలిసింది. అందుకే నీ ప్రశ్న నాకు చిన్నదిగా అనిపించలేదు.

ఇంగ్లీషువాళ్ల సంగతి చూద్దాం. టీ కంటే ముందు లండన్‌ని ఏలింది కాఫీ. 1652లో అక్కడ మొదటి కాఫీ హౌస్ తెరిచారు, తర్వాత వీధి వీధికీ వచ్చాయి. ఓడలకి బీమా చేసే లాయిడ్స్ పుట్టింది కూడా ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హౌస్‌లోనే. ఆ పేరు ఓడల్లో పనిచేసేవాళ్లందరికీ తెలుసు, దాని వెనక కాఫీ ఉందని మాత్రం చాలామందికి తెలియదు. టీ అప్పట్లో చైనా నుంచి వచ్చే ఖరీదైన సరుకు. దాని మీద పన్ను 119 శాతం దాకా ఉండేది. అంత పన్ను కట్టలేక దొంగ రవాణా విపరీతంగా సాగేది. 1784లో ఆ పన్నుని ఒక్కసారిగా పన్నెండున్నర శాతానికి దించారు. అక్కణ్నించి టీ కూలివాడి ఇంట్లోకి కూడా వచ్చింది. మన అస్సాంలో తోటలు వేసి, 1839లో అస్సాం టీని లండన్‌లో మొదటిసారి వేలం వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి టీ ఎంత ముఖ్యమైపోయిందంటే, 1940 నుంచి 1952 దాకా మనిషికి వారానికి ఇంత అని రేషన్ పెట్టారు. చాలాకాలం అది రెండు ఔన్సులు, అంటే యాభై ఆరు గ్రాములు. ఇప్పటి ముసలివాళ్లు ఆ ఇళ్లలో పుట్టినవాళ్లు, వాళ్లకి టీ అంటే అంత మమకారం ఉండటంలో వింత లేదు. వాళ్ల మనవలకి మాత్రం వీధి చివర కాఫీ షాపు ఉంది.

నీకు లీడ్స్‌లో పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఇంగ్లండ్ ఉత్తరాన చాలా ఇళ్లలో సాయంత్రం భోజనాన్నే టీ అంటారు. ఎవరైనా "ఇవాళ మా ఇంటికి టీకి రా" అంటే కప్పు టీ అనుకుని కడుపు నిండా తిని వెళ్లకు, అక్కడ అన్నం వేళ పిలుపు అది. మనం సినిమాల్లో చూసే చిన్న చిన్న శాండ్‌విచ్‌ల మధ్యాహ్నం టీ 1840ల్లో దొరల ఇళ్లలో మొదలైంది. అక్కడ రాత్రి భోజనం ఎనిమిది దాటితేగానీ పెట్టేవారు కాదు, మధ్యలో ఆకలి ఆగక పుట్టిన అలవాటు అది. పొద్దున్న ఆరింటికి పనికెళ్లేవాడికి దానితో సంబంధం లేదు.

మనిషికి ఇన్ని కిలోలని లెక్క వేసి చూస్తే టీ ఎక్కువ తాగేది ఇంగ్లీషువాళ్లు కాదు, మనం అసలే కాదు. టర్కీవాళ్లు. ఏడాదికి మనిషికి మూడు కిలోల టీ ఆకు పైనే. బ్రిటన్‌లో ఒకటిన్నర నుంచి రెండు కిలోల మధ్య ఉంటుంది. మన దేశంలో సుమారు ఎనిమిది వందల గ్రాములు. మనం ఏటా సుమారు 130 కోట్ల కిలోలు పండిస్తాం, అందులో ఎనభై శాతం దాకా మనమే తాగేస్తాం, కానీ జనాభాతో భాగిస్తే లెక్క అక్కడికి వస్తుంది. అందులో రోజుకి ఆరు టీలు తాగే ఆటో డ్రైవరూ ఉన్నాడు, మీ నానమ్మా ఉంది.

టర్కీవాళ్ల కథ నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. వాళ్ల భాషలో బ్రేక్‌ఫాస్ట్‌ని కహ్వల్తి అంటారు. కాఫీకి ముందు తినేది అని దానర్థం. మాటలో కాఫీ ఉంది, బల్ల మీద మాత్రం టీ. పాత రోజుల్లో కాఫీ గింజలు యెమెన్ నుంచి వచ్చేవి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ల సామ్రాజ్యం పోయింది, యెమెన్ చేజారింది, కాఫీ డబ్బు పెట్టి కొనాల్సిన పరాయి సరుకైపోయింది. 1924లో చట్టం చేసి నల్ల సముద్రం ఒడ్డున రిజే అనే తడి కొండ ప్రాంతంలో టీ సాగుని ప్రోత్సహించారు. పక్కనున్న జార్జియా నుంచి విత్తనాలు తెచ్చారు. రెండు మూడు తరాల్లో దేశం దేశమే టీకి మారింది. ఇప్పుడు "టర్కీవాడి రక్తంలోనే టీ ఉంది" అంటారు. వంద ఏళ్ల కిందట ఆ మాట అని ఉంటే వాళ్ల తాతలకి అర్థమయ్యేది కాదు.

వాళ్ల టీ పెట్టే పద్ధతి నేను ఓ టర్కీ చీఫ్ ఇంజనీరు దగ్గర నేర్చుకున్నాను. రెండంతస్తుల కెటిల్ ఉంటుంది. కింద పెద్దదాంట్లో నీళ్లు మరుగుతుంటాయి, పైన చిన్నదాంట్లో ఆకు వేసి వేడినీళ్లు పోసి పెడతారు. కింది ఆవిరికి పైనున్నది పావుగంట మగ్గుతుంది, మరగదు. నడుము సన్నంగా ఉన్న చిన్న గాజు గ్లాసులో పావు వంతో మూడో వంతో ఆ డికాషన్ పోసి, మిగతాది కింది నీళ్లతో నింపుతారు. పాలు ఉండవు. గ్లాసు కిటికీ వెలుగుకి ఎత్తి చూసేవాడాయన. ఎర్రగా తేటగా ఉండాలి, కుందేలు రక్తం రంగు అంటారు వాళ్లు. మబ్బుగా ఉంటే తిప్పి పంపేవాడు. పక్కన ఆలివ్ కాయలు, తెల్ల చీజ్, టమాటా, దోసకాయ ముక్కలు, రొట్టె. వేడి గ్లాసుని అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని ఆ మనిషి తొలి గుక్క తాగుతుంటే, మా అమ్మ అంబలి ముంత ఎత్తి తాగడం గుర్తొచ్చేది నాకు. ఎందుకో చెప్పలేను, ఆ తృప్తి అలాంటిది.

ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు ప్రతి ఓడలోనూ ఉంటారు. వాళ్లకి పొద్దున్న అన్నం ఉండాల్సిందే. రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లి వేసి వేయిస్తారు, పక్కన గుడ్డు, ఎండుచేప. మొదటిసారి గ్యాలీలో ఎండుచేప వేగుతున్న వాసన వచ్చినప్పుడు, కళ్లు మూసుకుంటే బారువ తీరంలో ఉన్నట్టే అనిపించింది. మన ఇంట్లో చద్దన్నం, వేయించిన ఎండుచేప. వాళ్ల ఇంట్లో వేయించిన చద్దన్నం, ఎండుచేప. మధ్యలో ఇంత సముద్రం ఉంది. ఆసియావాళ్లంటే టీ అనుకుంటారు కదా, వీళ్లు తాగేది కాఫీ.

చైనావాళ్ల దగ్గర టీ ఉంటుంది, కానీ నేను చూసినవాళ్లు దాన్ని బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపేవారు కాదు. ఫ్లాస్కులో ఆకు వేసుకుని రోజంతా వేడినీళ్లు పోసుకుంటూ తాగేవారు. పొద్దున్న తినేది బియ్యం గంజి, పక్కన ఊరగాయ. ఇంగ్లీషులో ఆ గంజిని కాంజీ అంటారు. అది మన దక్షిణాది మాటే, తమిళం కంజి నుంచి వెళ్లింది. అంటే చైనావాడి పొద్దుటి తిండికి ఇంగ్లీషువాడు వాడే పేరు మన గంజికి తోబుట్టువు. హాస్టల్లో చైనా అమ్మాయో అబ్బాయో ఉంటే ఈ సంగతి చెప్పు, సంతోషిస్తారు.

టీ అన్న మాటకీ ఇలాంటి కథే ఉంది. చైనాలో ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా పలుకుతారు. నేల దారిన పర్షియా మీదుగా వెళ్లింది చా, చాయ్. దక్షిణ చైనా రేవుల్లో డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ వెళ్లింది తే. అదే ఇంగ్లీషులో టీ అయింది. తెలంగాణలో ఉర్దూ పొరుగున చాయ్ అంటారు, మన కోస్తాలో టీ అంటాం. తేయాకు అంటామే, అందులో ఉన్న తే అదే. ఓడ మీద వచ్చిన మాట ఒడ్డునున్నవాళ్లకి అంటుకుంది.

ఇక "ఇండియన్లు పొద్దున్నే చాయ్" అన్న మాటకొద్దాం. అస్సాంలో టీ పండినా మన జనం తాగడం చాలా ఆలస్యంగా మొదలైంది, అదీ పని గట్టుకుని నేర్పిస్తే. టీ ప్రచారానికని 1903లో టీ ఎగుమతుల మీద సెస్సు వేసే చట్టం తెచ్చారు. 1930ల్లో ప్రపంచమంతా ధరలు పడిపోయి, ఎగుమతులకి కోటా పెట్టుకోవాల్సి వచ్చాక, తోటల యజమానుల చూపు గట్టిగా మన జనం మీద పడింది. రైల్వే స్టేషన్లలో, బజార్లలో, మిల్లుల్లో ఉచితంగా కాచి పోసి రుచి చూపించారు. గాంధీగారు టీలో ఉండే టానిన్ ఒంటికి మంచిది కాదని రాశారు. ఇంతలో అస్సాంలోనే ఆకుని నలిపి, చింపి, ఉండ చుట్టే సీటీసీ యంత్రం వచ్చింది. ఆ గింజల్లాంటి పొడి త్వరగా దిగుతుంది, రంగు బాగా వస్తుంది, కొంచెం వేస్తే చాలు. పాలు, పంచదార పోసి మరిగించే మన వీధి టీకి అసలు ప్రాణం ఆ పొడే. ఇదంతా కలిపి లెక్కేస్తే వందేళ్ల సంగతి.

మా తాత రంగూన్ వెళ్లినవాడు. ఈ తీరం నుంచి అప్పట్లో వేలమంది ఓడెక్కి బర్మా వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1942లో జపాన్‌వాళ్లు బర్మా మీదికి వచ్చినప్పుడు తిరిగొచ్చేశాడు. "అక్కడ టీ ఆకుని తింటార్రా" అని చెప్తే మేం నమ్మేవాళ్లం కాదు. తర్వాత నేనే రంగూన్ రేవులో తిన్నాను. పులియబెట్టిన లేత టీ ఆకు, వేయించిన వేరుశనగలు, నువ్వులు, వెల్లుల్లి, నూనె కలిపి పెట్టారు. తాత చెప్పింది అక్షరాలా నిజం. ఆయన తిరిగొచ్చాక ఇంట్లో టీ అడిగితే మా నానమ్మ "ఏటా కషాయం, రోగమొచ్చిందేటి" అనేదట. మా చిన్నప్పుడు కూడా ఇంట్లో టీ పొడి నిలవ ఉండేది కాదు. చుట్టం వస్తే నన్ను కొట్టుకి తరిమి చిన్న పొట్లం కట్టించుకు రమ్మనేవారు. తెల్లారితే మాకు అంబలి, లేకపోతే తరవాణి, అంటే పులిసిన గంజి నీళ్లు.

ఇప్పుడు మా హోటల్ దగ్గర నిలబడి చూడు. తెల్లవారుజామున నాలుగున్నరకి కూరల బళ్లవాళ్లు, ఆటోవాళ్లు, వీధులు ఊడ్చే కార్మికులు వస్తారు. వాళ్లందరికీ టీయే, బన్ను ముంచుకుని తింటారు. వంట వెలిగించే వేళ కాదది, అయిదు నిమిషాల్లో ఒంట్లో వేడి పుట్టాలి, జేబులో చిల్లరకి సరిపోవాలి. ఏడు దాటాక ఆఫీసులకెళ్లేవాళ్లు ఇడ్లీ, పూరీ, మైసూరు బజ్జీ. వాళ్లలో చాలామంది కాఫీ ఇంట్లోనే తాగి వస్తారు. మన పట్నాల్లో ఇంట్లో కాఫీ, వీధిలో టీ అన్నది నా లెక్క. తాపీ పనివాళ్లు క్యారేజీలో చద్దన్నం తెచ్చుకుంటారు. మార్చి వచ్చిందంటే మా ఎదురుగా అంబలి బండి పెడతారు, తొమ్మిదింటికి నా బల్లల కంటే అక్కడే జనం ఎక్కువ. ఊడుపుల్లో పొలానికి అంబలి ముంత వెళ్లడం నేను చూసి పెరిగాను. ఇప్పుడు దాంతోపాటు పదింటికి టీ ఫ్లాస్కు కూడా వెళ్తోంది. ఓడలో పదింటి టీ, పొలంలో పదింటి టీ ఒకటే. గడియారం చూసి కూలి పనిచేసే చోటల్లా టీ చేరుతుంది. గుజరాత్‌లో వెరావల్ రేవుకి చేపల వేటకెళ్లి వచ్చిన మన మత్స్యకార కుర్రాళ్లు కొందరు మసాలా వేసిన చిక్కటి టీ అడుగుతారు. అది వాళ్లకి అక్కడ బోట్ల మీద పట్టిన అలవాటు. మన ఇళ్లలో ఎప్పుడైనా వేస్తే అల్లం ముక్క, చుట్టాలొస్తే ఏలకి కాయ. అరకు కాఫీ తోటలు మీ ఎస్.కోట నుంచి ఘాట్ ఎక్కితే వచ్చేస్తాయి, ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి హాస్టల్లో ఎవరైనా అడిగితే నిదానంగా చెప్పు: మా జిల్లాలో ముసలివాళ్లది అంబలి, మా ఇంట్లో కాఫీ, రోడ్డు మీద టీ, మా దేశం చాలా పెద్దది అని.

ఆదివారం సంగతి. శుక్రవారమే అందరినీ రెండు విషయాలు అడిగి కాగితం మీద రాసుకో: ఎవరికి ఏం పడదు, పొద్దున్న ఏం తాగుతారు. ఓడలో కొత్త క్రూ ఎక్కిన రోజే నేను ఈ కాగితం తిప్పేవాణ్ని. ఓడ కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం, 2006 నాటిది, క్రూ మతాన్నీ అలవాట్లనీ దృష్టిలో పెట్టుకుని తిండి పెట్టాలని చెప్తుంది. వంటవాడికి అది చట్టం కంటే ముందు మర్యాద. మన పల్లీ చట్నీ అంటే భయపడాల్సినవాళ్లు అక్కడ ఉంటారు, వేరుశనగ పడకపోతే కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. అడక్కుండా చట్నీ చెయ్యొద్దు, అల్లం చట్నీ చాలు. గోధుమ పడనివాళ్లుంటే ఉప్మా రవ్వ కుదరదు, కొట్టులో దొరికే ఇంగువలో కూడా గోధుమపిండి కలుస్తుంది, డబ్బా మీద చదువు.

ఇడ్లీ జోలికి వెళ్లకు, ఆ చలికి పిండి పొంగదు. పెసరట్టు వెయ్యి. పులియబెట్టే పనిలేదు, పాలూ గోధుమా ఏమీ ఉండవు. పొట్టు పెసలు నాలుగైదు గంటలు నాననిచ్చి, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కాస్త బరకగా రుబ్బు. ఉల్లిపాయలు సన్నగా తరిగి పైన చల్లి నొక్కు. దాంతో అల్లం టీ పెట్టు. అక్కడి టీ బ్యాగులు విప్పి పొడి వాడుకోవచ్చు, రెండు కప్పులకి మూడు బ్యాగులు. నీళ్లలో అల్లం మరిగాక పొడి, తర్వాత పాలు, పొంగు వచ్చాక మంట తగ్గించి రెండు నిమిషాలు. కాఫీ అడిగినవాళ్లకి కాఫీ ఇచ్చెయ్యి, బలవంతం వద్దు.

ఒక్క జాగ్రత్త. టీ, కాఫీల్లోని టానిన్లు తిండిలోని ఇనుముని ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. 2024లో ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత వాటిని తాగొద్దన్నారు. రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించొద్దని, కప్పు టీలో అది 30 నుంచి 65 దాకా ఉంటుందని కూడా అందులోనే ఉంది. మన వైపు ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉన్నవాళ్లు చాలామంది, ఇడ్లీ నోట్లో ఉండగానే టీ గ్లాసు అందుకుంటారు. మా హోటల్లో నేను తెలిసినవాళ్లకి చెప్తూనే ఉంటాను. ఆదివారం ఒక్కరోజుకి పర్వాలేదు, రోజూ మాత్రం టీని టిఫిన్‌కి దూరంగా జరుపు.

అంబలి కూడా చెయ్యి. మీ నానమ్మ తాగేదాన్ని పదిమంది ముందు పెట్టడానికి సిగ్గుపడొద్దు. వంద గ్రాముల చోడి (రాగి) పిండిలో మూడు వందల మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, పాలకి రెండింతలు దాటిన లెక్క. లీడ్స్‌లో ఇండియన్ కొట్లలో రాగి పిండి అని అడిగితే ఇస్తారు. అరగ్లాసు పిండిని గ్లాసున్నర నీళ్లలో ఉండల్లేకుండా కలిపి మూతపెట్టి పులవనివ్వాలి. తీసేటప్పుడు కమ్మటి పులుపు వాసన, పైన చిన్న బుడగలు కనిపించాలి. గుప్పెడు బియ్యాన్ని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే నూకలవుతాయి. అయిదు గ్లాసుల నీళ్లలో నూకలు మెత్తగా ఉడికాక ఆ పులిసిన పిండిని ఒక చేత్తో సన్నగా పోస్తూ రెండో చేత్తో తిప్పుతూనే ఉండు. తెడ్డు ఆగితే అడుగంటుతుంది. పది నిమిషాలకి పచ్చివాసన పోయి, తెడ్డు మీంచి నిగనిగలాడుతూ జారుతుంది, అప్పుడు దించు. పూర్తిగా చల్లారాకే ఉప్పు, మజ్జిగ కలపాలి. పక్కన ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి. చైనా స్నేహితులు తమ గంజిని గుర్తుపడతారు చూడు.

ఇక్కడైతే రాత్రి నానబెడితే తెల్లారికి పులిసిపోతుంది. అక్కడ నవంబరు చలి, ఒక్క రాత్రి చాలదు. శుక్రవారం రాత్రే కలిపి, గిన్నెకి తువ్వాలు చుట్టి, హీటరు దగ్గర పెట్టు.